లావు సూది

“సన్న సూదా, లావు సూదా? ఏదో ఒకటి చెప్పు బుల్లయ్యా, బయట ఇంకా పదిమంది ఉన్నారు” అన్నాడు డాక్టరు.

చొక్కా విప్పి బల్ల మీద పడుకున్న బుల్లయ్య భార్య వైపు చూశాడు.

“నొప్పి లేనిదే పెట్టండి బాబూ” అంది వెంకటేశ్వరమ్మ.

“సన్నదైతే నొప్పి తక్కువే. కానీ పరీక్షకి తీసే ముక్క తునకలు తునకలుగా వస్తుందమ్మా. లివర్లో ఉన్న గడ్డ కేన్సరా, మందులతో తగ్గేదా అన్నది తేలకపోవచ్చు. లావుదైతే ముక్క నిండుగా వస్తుంది. నొప్పి మాత్రం ఓర్చుకోవాలి.”

“అయితే లావుదే కానీండి” అన్నాడు బుల్లయ్య. “రెండోసారి పొడిపించుకునే ఓపిక నాకు లేదు. ఏదైనా ఇవాళే తేలిపోవాలి.”

“నువ్వా ఓర్చుకునేది? పత్తి చేలో ముల్లు దిగితేనే ఊరంతా వినపడేట్టు అరుస్తావు!”

“నువ్వు బయటికి పోవే ముందు.”

పైన తిమ్మిరెక్కించినా, సూది పక్కటెముకల సందున లోపలికి దిగేసరికి బుల్లయ్యకు ఊపిరి ఆగినంత పనైంది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మొదటిసారి సరిగా రాలేదని డాక్టరు మళ్లీ గుచ్చాడు. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. అరవలేదు.

“భేష్! సగం అగ్గిపుల్లంత వచ్చింది” అని డాక్టరు ముక్కను మందునీళ్ల సీసాలో వేసి తెచ్చి బయటున్న వెంకటేశ్వరమ్మ చేతిలో పెట్టాడు. “బ్రాడీపేటలో ల్యాబుకి ఇచ్చిరామ్మా. ముక్క పాడవకుండా జాగ్రత్త.”

ఆ రోజు శనివారం. ఆమె వెళ్లేసరికి ల్యాబు మూసేశారు. ఆదివారమంతా సీసాను ఒళ్లో పెట్టుకుని భర్త మంచం పక్కనే కూర్చుంది. సోమవారం పొద్దున్నే ఇచ్చి వచ్చింది.

వారం తర్వాత రిపోర్టు చదివి డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. “ముక్క కుళ్లిపోయిందట. ఏమీ తెలియలేదని రాశారు. మళ్లీ తీయాలి.”

బుల్లయ్య చెయ్యి తెలియకుండానే పక్కటెముకల మీదికి పోయింది.

“సగం అగ్గిపుల్లంత వచ్చిందని మీరే అన్నారు కదండీ!” అన్నాడు.

“వచ్చింది. నా కళ్లతో చూశాను.”

“ఇంక నావల్ల కాదండీ. కేన్సరైతే అవనీండి, ఇంటికి పోతాను.” బుల్లయ్య గుమ్మం వైపు నడిచాడు.

డాక్టరు ఫోను అందుకుని ల్యాబు మీద విరుచుకుపడ్డాడు. “బంగారంలాంటి ముక్క పంపిస్తే పాడుచేస్తారా? మనిషి ప్రాణమంటే లెక్కలేదా మీకు?”

వెంకటేశ్వరమ్మకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

“ఇంకా గట్టిగా అడగండి బాబూ! నేనెంత జాగ్రత్తగా ఇచ్చానో! సీసాలో పురుగుమందులాగా ఘాటు కొడుతుంటే, ఈయన ముక్క మాడిపోద్దని అదంతా పారబోసి, శుభ్రంగా నాలుగు నీళ్లు పోసి కడిగి, కాచి చల్లార్చిన మంచినీళ్లలో వేసి మరీ ఇచ్చాను!”