వరస కలపొద్దు

“అమ్మా, తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను. తొందరగా పంపించమ్మా.”

“బండి బయల్దేరిందండీ. ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఫోను మాత్రం పెట్టెయ్యకండి,” అంది మూడో సీటు.

అంబులెన్సు కాల్ సెంటరులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఏ సీట్లో కూర్చుంటే అదే పేరు. బండి చేరిందని తెలిశాక మూడో సీటు లైను వదిలి ఒక గుక్క నీళ్లు తాగింది. భుజాలు వెనక్కి విరుచుకుంది. పెన్నును కీబోర్డు పక్కన సరిచేసి పెట్టింది. పక్కనే ఇంకో హెడ్‌సెట్ తగిలించుకుని వింటున్న ట్రైనర్ మేడమ్ తల ఊపి, కాగితం మీద ఏదో రాసుకుంది.

ఈ అలవాట్లన్నీ ఆవిడ నేర్పినవే.

“మనసు మేడ మీద నీళ్ల ట్యాంకులాంటిది. పొద్దున్నే నిండుతుంది. ప్రతి కాల్‌కీ కొళాయి తిప్పి వదిలేస్తే మధ్యాహ్నానికే ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత ఫోన్ చేసినవాడు ఏమైపోవాలి? అందుకే కాల్ అవగానే కొళాయి కట్టెయ్యాలి. ఆ మనిషి బతికాడా పోయాడా అని అడక్కూడదు. మొబైళ్లు లాకర్లో ఉండాలి, ధ్యాస చెదరకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వరస కలపొద్దు. వాళ్లు అమ్మా అంటారు, అక్కా అంటారు. అననీ. నువ్వు వాళ్లకి ఏమీ కావు.”

కిందటిసారి పరీక్ష రోజున ఒకావిడ చెల్లీ చెల్లీ అని ఏడుస్తుంటే మూడో సీటు కూడా ఏడ్చేసింది. సీనియర్ పోస్టు చేజారింది. ఈసారీ తప్పితే ఇక దాని మాట మర్చిపోవలసిందే. జీతం మాట ఎలా ఉన్నా, సీనియర్లకి రోజూ ఒకే డ్యూటీ. బడి వదిలే వేళకి ఇల్లు చేరచ్చు.

“నాకా బాధ లేదు మేడమ్,” అన్నాడు బండ్లకి దారి చెప్పే రెండో సీటు, బట్టతల నిమురుకుంటూ. “నన్నెవరూ అమ్మా అనరు. ఫోన్లో తల కనిపించకపోయినా బాబాయ్ అంటారు, అదే అర్థం కాదు.”

“నీ తల సంగతి తర్వాత. ఆ డ్రైవరు ఎక్కడున్నాడో చూడు.”

మూడో సీటు నవ్వబోతుండగా మళ్లీ మోగింది.

“చెప్పండి, ఏమైంది?”

అవతల కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. తర్వాత చిన్నపిల్ల గొంతు.

“అమ్మా...”

మేడమ్ వేలెత్తి చూపించింది, జాగ్రత్త అన్నట్టు. మూడో సీటు నిటారుగా కూర్చుంది.

“ఏమైందో చెప్పు.”

“తాతయ్య బాత్రూం దగ్గర పడిపోయాడమ్మా. పిలిస్తే పలకట్లేదు.”

“దగ్గరికెళ్లి చూడు. పొట్ట కదులుతోందా?”

“కొంచెం... లేదు. తెలీట్లేదు.”

“సరే. ఇల్లెక్కడ?”

“పాలబూతు వెనక సందులో...”

పిల్ల ఇంకా చెబుతూనే ఉంది. ఈలోగా కీబోర్డు టకటకలాడింది. రెండో సీటు అప్పటికే డ్రైవరుకి దారి చెబుతున్నాడు.

“వీధి తలుపు వేసుందా?”

“పైగడియ వేసుంది. నాకందదు.”

“ఫోను స్పీకర్లో పెట్టు. వంటింట్లో స్టూలు తెచ్చుకుని ఎక్కి తియ్యి. మెల్లగా ఎక్కు.”

నేల మీద స్టూలు ఈడ్చిన చప్పుడు. కాసేపటికి గడియ తీసిన చప్పుడు.

“తీశానమ్మా. నువ్వు రా.”

“వస్తున్నారు.”

“నువ్వు రా అమ్మా.”

“వస్తున్నారు. గేటు దగ్గర నిలబడి బండివాళ్లకి చెయ్యి ఊపు. చెప్పులేసుకో.”

చాలాసేపటి తర్వాత ఫోన్లో సైరన్ వినిపించింది. మగవాళ్ల గొంతులు, బరువైన అడుగులు. ఎవరో ఫోను తీసి కట్టేశారు.

మూడో సీటు ఒక గుక్క నీళ్లు తాగింది. భుజాలు విరుచుకుంది. పెన్ను సరిచేసి పెట్టింది. తిన్నగా ఉన్న పెన్నునే ఇంకోసారి సరిచేసింది.

రెండో సీటు వైర్‌లెస్‌ని చెవికి ఆనించుకుని కొంతసేపు విన్నాడు. ఆమె చూపు తెర మీదే ఉండటం గమనించి, మేడమ్ వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

మేడమ్ హెడ్‌సెట్ తీసేసింది.

“అలవాటంటే ఇదీ. కిందటిసారి ఏడ్చిన మనిషివేనా నువ్వు? ఆ పిల్ల సగం చెప్పేలోపే అడ్రసంతా కొట్టేశావు. వంటింట్లో స్టూలుంటుందని భలే తట్టింది నీకు. చెప్పుల మాట ఒక్కటే అనవసరం, పోనీలే. అమ్మా అమ్మా అని అంతలా పిలుస్తున్నా వరస కలపలేదు చూడు, అదీ సీనియర్ లక్షణం. ఈసారి పోస్టు నీదే అనుకో.”

“మేడమ్, ఆ పెద్దాయన ఉన్నారా?”

మేడమ్ మొహం ముడుచుకుంది. కాగితం మీద కదలబోయిన కలం ఆగింది.

“చూశావా, ఇంతసేపూ బాగా చేసి చివర్లో పాడుచేశావు. అడక్కూడదని ఎన్నిసార్లు చెప్పాను? ఇప్పటిదాకా ఏ కాల్‌కీ అడగనిదానివి, దీనికే ఎందుకు? ఆ పిల్ల నీకేమవుతుంది?”

మూడో సీటు హెడ్‌సెట్ తీసి, పెన్ను పక్కనే తిన్నగా పెట్టి లేచి నిలబడింది.

“కూతురవుతుంది, మేడమ్.”