ఏసీలో అగరొత్తుల వాసన

మోపిదేవి దాటగానే కారులో అగరొత్తుల వాసన మొదలైంది.

"స్వామి మనతోనే వస్తున్నాడే ఉమా," అంది ఆండాళ్, ముందు సీట్లో కూర్చునే దణ్ణం పెట్టుకుంటూ.

కోడలు ఉమాశ్రీ బండి నడుపుతోంది. సెకండ్ హ్యాండ్ కారు, కొని వారమైంది. గుడి దగ్గర పూజ చేయించుకుని బందరు తిరిగి వెళ్తున్నారు. వెనక సీట్లో నాలుగేళ్ల తేజూ నిద్రపోతోంది.

బయట మే నెల ఎండ. లోపల ఏసీ గాలి అంతకంతకూ తగ్గుతోంది.

"ఇది అగరొత్తుల వాసనే కాదు అత్తయ్యా. ఏదో కమురు వాసన కూడా వస్తోంది."

"పూజ చేయించిన కారును పట్టుకుని అవేం మాటలే."

ఉమాశ్రీ బయటి గాలి రాకుండా మీట జరిపింది. వాసన తగ్గింది. మళ్లీ తెరిచింది. గుప్పుమంది.

అంటే బయటినుంచే. పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారు కాబోలనుకుంది. మీట మూసేసి, ఏసీ ఫ్యాను పూర్తిగా పెంచింది.

అప్పుడు అద్దంలో కనిపించాడు, బైకు మీద ఒకడు. మొహానికి ఎర్ర తువ్వాలు, భుజానికి గుడ్డసంచీ. కారు ముందు భాగం చూపిస్తూ చెయ్యి ఊపుతున్నాడు.

"ఆపకే," అంది ఆండాళ్. "మా గ్రూపులో పెట్టారు. ఇంజన్లోంచి ఆయిల్ కారుతోందని చెప్పి ఆపిస్తారట. దిగగానే దోచుకుంటారట. నేను పొద్దున్నే గొలుసు తీసి హ్యాండ్ బ్యాగులో వేశా. ఆ బ్యాగు పిడిని నా సీటు వెనక కమ్మీకి ముడేసి కట్టా. ఎవడు లాక్కెళ్తాడో చూస్తా."

ఉమాశ్రీ వేగం పెంచింది.

బైకు వదల్లేదు. పక్కకొచ్చి అద్దం మీద కొట్టాడు. ఏదో అరుస్తున్నాడు. వినపడలేదు.

ఒక పక్క కాలవ, ఒక పక్క పొలాలు. మనిషన్నవాడు లేడు.

"చల్లపల్లి సెంటర్లో ఆపుదాం. అక్కడ జనం ఉంటారు," అంది ఉమాశ్రీ.

అంతలో ఏసీలోంచి పొగ. ముందు సన్నగా, తర్వాత నల్లగా.

"అమ్మా, కళ్లు మండుతున్నాయి," తేజూ దగ్గుతూ లేచింది.

బయట దొంగ. లోపల పొగ.

ఉమాశ్రీ బ్రేకు తొక్కింది. తలుపుల లాక్ తీసింది.

వాడు వెనక తలుపు తెరిచి నడుం దాకా లోపలికి వంగాడు. మరుక్షణం తేజూ వాడి చంకలో ఉంది.

"పిల్లనెత్తుకుపోతున్నాడే," ఆండాళ్ గొంతు చించుకుంది.

వాడు పిల్లని కాలవ గట్టున గడ్డిలో కూర్చోబెట్టి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"ఏసీ ఆపండి. ఇంజన్ కూడా. పెద్దమ్మా, మీరు దిగండి."

ఆండాళ్ సీటు ముందున్న డ్యాష్‌బోర్డు అర తెరిచి గుంజాడు. లోపల తాడేదో పట్టి ఉంచింది. చొక్కా జేబులోంచి సగం బ్లేడు తీసి తెంపాడు. అర వెనక చెయ్యి పెట్టి ఏసీ ఫిల్టర్ బయటికి లాగాడు.

ఎండుటాకులు, పూలరెక్కలు, సగం కాలిన అగరొత్తి. అంచంతా నిప్పు.

కాలవలోకి విసిరేశాడు. చుయ్యిమంది.

పొగ పల్చబడింది. ఉమాశ్రీకి ఊపిరి అందింది.

"అగరొత్తులు ముందు అద్దం కింద సందులో గుచ్చారు," అన్నాడతను. "ఏసీ గాలి పీల్చేది అక్కణ్ణుంచేనండి. హారతప్పుడు మీరంతా కళ్లు మూసుకున్నారు. ఒకటి లోపలికి జారిపోయింది. ఆరిపోతుందిలే అనుకుని, మీరు కళ్లు తెరిచేసరికి పక్కకి తప్పుకున్నా. మీరు రోడ్డెక్కాక చూస్తే అక్కడ పొగ."

"అయ్యో, నీ వేళ్లు కాలాయి బాబూ," అంది ఆండాళ్. "నిన్ను దొంగనుకున్నాం. ఏమీ అనుకోకు."

తువ్వాలు పైన కళ్లు నవ్వాయి. "ఎండాకాలం కదండీ. మొహానికి గుడ్డ కట్టుకుంటే అందరం అలాగే ఉంటాం."

"ఉండు, ప్రసాదం పట్టుకెళ్దువుగాని."

ఆండాళ్ వెనక సీటు వైపు తిరిగేలోపే బైకు మోపిదేవి వైపు వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు.

తేజూ గట్టున కూర్చుని గడ్డిపూలు కోసుకుంటోంది. ఉమాశ్రీ కూతుర్ని హత్తుకుంది.

"ఉమా, బ్యాగు సీటు మీద పడుందేమిటే. పిడి తెగినట్టుంది, పాతదైపోయింది." ఆండాళ్ లోపల చెయ్యి పెట్టి వెతికింది. "గొలుసు ఉందిలే. వాడు నిజంగా దొంగైతే ఇది దక్కేదా."

ఉమాశ్రీ బ్యాగు అందుకుంది. సీటు కమ్మీకి అత్తయ్య వేసిన ముడి వేసినట్టే ఉంది. ముడి కింద పిడి నున్నగా, బ్లేడుతో కోసినట్టు తెగి ఉంది.

"కొత్త పిడి కుట్టిద్దాంలెండి అత్తయ్యా," అంది.

హారతి వేళ అందరూ కళ్లు మూసుకుని మొక్కుతుంటే, వెనక సీట్లోకి వంగి ఆ బ్యాగు కోస్తున్నవాడొక్కడికే నిప్పు కనిపించింది.