ఓపిగ్గా చెప్పిన మనిషి

"ఏమంటున్నారే?" నాన్న మళ్లీ అడిగాడు.

డాక్టరు మళ్లీ కనిపిస్తాడేమోనని కూతురు అటూ ఇటూ చూసింది. పొద్దున గుండెనొప్పితో ఆసుపత్రికి తీసుకొస్తే, మంచాలు ఖాళీ లేవని వరండాలోనే స్ట్రెచర్ మీద పడేశారు. డాక్టరు ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే వచ్చాడు. "ఇక్కడ కుదరదు. పెద్దాసుపత్రికి పంపిస్తున్నాం" అని ఫైలు ఆమె చేతిలో పెట్టి, అదే ఫోనుతో వెళ్లిపోయాడు.

ఎప్పుడు పంపిస్తారు? ఎందులో పంపిస్తారు? అసలేమైంది? నర్సుని అడిగితే "చెప్తారు, ఆగమ్మా" అంది. రెండోసారి అడిగితే తలైనా ఎత్తలేదు. కౌంటర్లో అమ్మాయి గోళ్లు చూసుకుంటూ "మాకేం తెలీదు" అంది.

పక్క స్ట్రెచర్ ముసలాయన వాంతి చేసుకున్నాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చెప్పులకి అంటకుండా దాని పక్కనుంచి నడిచారు తప్ప ఒక్కరూ ఆగలేదు. వాంతి కంటే ఆ నడకే ఆమెకి అసహ్యంగా తోచింది. ఛీ, వీళ్లూ మనుషులేనా అనుకుంది.

లిఫ్టు దగ్గర నిలబడి ఉన్న ఒక నడివయసు మనిషి అప్పుడు ఆమె దగ్గరికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు.

"నాన్నగారా అమ్మా? డాక్టరుగారు ఏమన్నారు?"

ఆమె చెప్పింది. అతను అంతా విని, ఫైలు తిరగేశాడు.

"రక్తనాళంలో అడ్డు పడింది. వెంటనే తీసేస్తే ఏం కాదు. పెద్దాసుపత్రికేగా, నేను దగ్గరుండి చూసుకుంటాను. బండి వెనక గేటు దగ్గరుంది" అన్నాడు. తర్వాత నాన్న మీదికి వంగాడు. "పెద్దాయనా, మిమ్మల్ని కిందికి దించుతున్నాం. కాస్త కుదుపుంటుంది, ఓర్చుకోండి."

పొద్దుట్నుంచి నాన్నతో నేరుగా మాట్లాడినవాడు అతనొక్కడే. నాన్న అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

అతను పిలిచిన ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తోసుకుపోయారు. నర్సు అప్పుడు కూడా తలెత్తలేదు.

బండిలో దారి పొడుగునా అతను చెబుతూనే ఉన్నాడు. ఏ సూది ఎందుకో, ఏ పరీక్ష ముందు చేస్తారో, ఆమె ఎక్కడ కూర్చోవాలో. అద్దాల తలుపుల దగ్గర బండి ఆగగానే నాన్నని లోపలికి తీసుకెళ్లారు. ఆమె గుండె కుదుటపడింది. తలుపుల మీద రాసిన పేరు చదవాలని కూడా తోచలేదు.

ఫోను మోగింది. ఆ మొదటి ఆసుపత్రి నంబరు. ఎత్తబుద్ధి కాలేదు. చివరికి చీదరగానే ఎత్తింది.

"అమ్మా, మీ నాన్నగారి కోసం పెద్దాసుపత్రి అంబులెన్సు ఇప్పుడే వచ్చింది, ఆయన్ని ఎవరు తీసుకెళ్లారు?"