మాకూ రెండు మాటలు

“బాపట్ల పిన్ని కూతురి పెళ్లి వీడియోలో ఎంత బాగా దీవించావక్కా! మాకూ అలాగే రెండు మాటలు చెప్పు,” అంటూ తమ్ముడు బాబీ, పెళ్లిళ్లు తీసే కెమెరాను నా వైపు తిప్పాడు.

తెనాలంతా ‘నల్లోడా’ అని పిలిచే తన గురించీ, తను ప్రేమించిన ఇస్మాయిల్ గురించీ తనే సినిమా తీసుకుంటున్నాడు.

“లోపల మీ బావ ఉన్నారురా. వింటే నిన్ను మళ్లీ ఈ గడప తొక్కనివ్వరు. ఆపెయ్.”

ఆపేశాడు.

పాపను భుజాన వేసుకుని, వాడి చెవి దగ్గర మెల్లగా చెప్పాను. “నాకెప్పట్నుంచో తెలుసురా. మీరిద్దరూ చల్లగా ఉండాలి.”

బాబీ నవ్వాడు. “అమ్మ కూడా ఇదే మాటంది. కెమెరా ఆపాకే.”

“మరి సినిమాలో ఏముందిరా?”

“మీరంతా ‘ఆపెయ్’ అన్నదే ఉందక్కా.”