కిటికీ పక్క సిఫార్సు

మధ్యాహ్నపు రైలు ఊయలలా ఊగుతోంది. సెలెక్టర్ గారికి కునుకు పట్టింది.

కునుకులోనూ బంతే. గాలిలో తేలి, నేల మీద వాలి, పక్కకి మెలి తిరుగుతోంది. జాతీయ జట్టు ఆటగాళ్లంతా వరసగా దాని మీదకి బ్యాటు విసిరి, తలలు దించుకుని మబ్బుల్లోకి నడిచిపోతున్నారు.

ఒక్కడు మాత్రం నిలబడ్డాడు. ఎడమచేతి వాటం కుర్రాడు. బంతి దగ్గరికి పిల్లిలా అడుగేసి, దాన్ని జోకొట్టినట్టు మెల్లగా నేలకి అదిమాడు.

నారింజ వాసనకి మెలకువ వచ్చింది.

ఎదుటి సీట్లో లావుపాటి కళ్ళద్దాలాయన తొక్క తీస్తున్నాడు. తొక్క ఎక్కడా తెగకుండా ఒకటే చుట్టగా వస్తోంది. ఓ తొన ఇటు చాపాడు. కాదనలేక తీసుకున్నాడు సెలెక్టర్.

పాపం, ఆయన దిగులు ఆయనది. స్పిన్ వేసేవాడు కనబడితే చాలు, జట్టుకి కాళ్లూ చేతులూ ఆడవు. పోయినసారి పరువు గంగలో కలిసింది. ఈసారి పొరుగు దేశం వెళ్లాలి. అక్కడో కొత్త స్పిన్నర్ పుట్టుకొచ్చాడట. సెలెక్టర్‌గా ఇదే ఆయన ఆఖరి జట్టు. గెలిస్తే తలెత్తుకుని ఇంటికి పోతాడు. ఓడితే మొహం చెల్లదు.

రేపే పేర్లు చెప్పాలి. మొదటి పేరు ఆ ఎడమచేతి కుర్రాడిదేనని ఎప్పుడో అనుకున్నాడు.

"మిమ్మల్ని గుర్తుపట్టానండీ," అన్నాడు కళ్ళద్దాలాయన. "ఎవరైనా సిఫార్సు చేస్తే ఆ పేరు కొట్టేస్తారట కదా. పేపర్లో చదివాను."

సెలెక్టర్ చెయ్యి దానంతటదే మీసం మీదకి పోయింది. అవును మరి, ఆయన పట్టిన వ్రతం అది. సొంత బావమరిది కొడుకునే అలా పక్కన పెట్టాడు. ఇంటావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

"అయినా చెప్తానండీ. ఆ ఎడమచేతి అబ్బాయి ఉన్నాడే, వాణ్ణి వదులుకోకండి."

నోట్లో తొన చేదైపోయింది.

"మీకేమవుతాడు?"

"ఏమీ కాడండీ. కుర్రాళ్ల మ్యాచ్‌లో ఓసారి చూశాను. ఆ రోజు వాడికి స్పిన్ వేసిన పిల్లాడు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు."

ఏమీ కానివాడి కోసం ఇంత ఆరాటమా! తండ్రో మేనమామో అయ్యుంటాడు. తెలిసి తెలిసి కుర్రాడి నోట్లో మట్టి కొట్టావు కదయ్యా అనుకున్నాడు సెలెక్టర్. మనసు చివుక్కుమంది. ఆ కుర్రాడి తప్పేముంది? కానీ మాట మాటే. ఒకరికి సడలిస్తే రేపు దేశమంతా ఈ రైలే ఎక్కుతుంది.

"మీరు చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు.

కళ్ళద్దాలాయన తల దించుకున్నాడు. తర్వాతి స్టేషన్లో దిగి ఎండలో కలిసిపోయాడు. తొక్క చుట్ట మాత్రం సీటు మీద మిగిలింది.

మర్నాడు చదివిన పేర్లలో ఎడమచేతి కుర్రాడు లేడు.

పొరుగు దేశంలో అంతా ఆ కునుకులో లాగే జరిగింది. బంతి తేలింది, వాలింది, మెలి తిరిగింది. కొత్త స్పిన్నర్ మణికట్టు తిప్పితే చాలు, మనవాళ్లు ఒకరి వెనక ఒకరు పొడుగు నీడల్లా పచ్చగడ్డి మీద వెనక్కి నడిచారు. ఆ కుర్రాడుంటేనా అనుకున్నాడు సెలెక్టర్. చేజేతులా చేసుకున్నాడు. ఏడుపొచ్చింది.

ఆట అయిపోయింది. జనం వెళ్లిపోయిన మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. ఎక్కణ్ణుంచో నారింజ వాసన.

కింది మెట్టు మీద కళ్ళద్దాలాయన. తొక్క తెగకుండా తీస్తున్నాడు.

సెలెక్టర్ దిగి వెళ్లాడు. "ఆ అబ్బాయి గురించి మీరు చెప్పింది నిజమేనండీ."

"ప్రతి అక్షరం నిజమేనండీ," అన్నాడాయన కాస్త సిగ్గుపడుతూ. "మీరు మాట తప్పరని నమ్మే, అంత దూరం వచ్చి చెప్పాను."

సెలెక్టర్‌కి అర్థం కాలేదు.

అంతలో కొత్త స్పిన్నర్ మైదానంలోంచి పరుగున మెట్లెక్కి వచ్చి, కళ్ళద్దాలాయన చేతిలో నారింజ లాక్కుని, "ఆకలేస్తోంది, ఇంటికి పోదాం నాన్నా" అన్నాడు.