ఆ భాషలో మిగతా మాటలు

రాఘవేందర్ ట్రాలీ వదలలేదు.

"పోవుడు లేదు, ఏం లేదు. కారెక్కుండ్రి. మన ఊరు మంఖాల్ పోదాం."

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్లే గేటు ఎదురుగానే ఉంది. ట్రాలీ మీద పెద్ద పెట్టె. మొరాకోలో ఫెజ్ అనే పాత నగరం. అక్కడ ఏడాది అరబ్బీ చదువు. సీటు వచ్చింది, వీసా వచ్చింది. రాఘవేందర్ ఒప్పుకోలు ఒక్కటే రాలేదు.

"ఫీజు కట్టినంక గిదేంది డాడీ?" కూతురు అఖిల ట్రాలీని రెండో వైపు పట్టుకుంది.

"ఎవల్నడిగి కట్టిండ్రు?"

"నా గాజులు నేనమ్మిన. ఎవల్నడగాలె?" అంది అతని తల్లి భారతమ్మ.

వెనక సెక్యూరిటీ మనిషి కారు తీయమని విజిల్ వేస్తున్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

అఖిల మేనమామ గోవర్ధన్ సాగనంపడానికి వచ్చి, బావ పక్షం చేరిపోయాడు. "యూట్యూబ్‌ల చూసిన. ఆ ఊరు చార్మినార్ గల్లీల కన్న ఇరుకు. సామాన్లు గాడిదల మీద పోతయి. గాడిదల నడుమ చదువేంది?"

"నీ నడుమ బతుకుతలేమా మామా?" అంది అఖిల.

రాఘవేందర్ భార్య అరుణ నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతలోనే దిగులు పడింది. "ఒక్కతే ఆడమనిషి. తెలవని ఊరు. జ్వరమొస్తే ఎవరు చూస్తరు?"

"ఊరోళ్లకేం చెప్పాలె?" గోవర్ధన్ ఊరుకోలేదు. "గీ వయసుల ఇంటిపట్టున ఉండాలె గని..."

"ఇంటిపట్టున నువ్వుండు గోవర్ధన్" అంది భారతమ్మ. "నీకు ఎట్లాగూ పనిలేదు గద."

రాఘవేందర్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఆ భాష పేరెత్తకు. నేను బడికి పోతున్నప్పుడు నువ్వు మస్కట్ పోయినవ్. వాళ్ల ఇండ్లల్ల అంట్లు తోమినవ్. నాయిన పోయినప్పుడు గూడ నిన్ను పంపలే. నా చిన్నతనమంత మింగింది ఆ భాష. మళ్ల గదే మన ఇంట్లకా?"

నెల రోజులుగా ఆ ఇంట్లో పొద్దున లేస్తే అలిఫ్, బా, తా అంటూ అరబ్బీ అక్షరాలే. అది చెవిన పడినప్పుడల్లా అతను తింటున్న చోటు నుంచి లేచిపోయేవాడు.

భారతమ్మ కొడుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"గన్నేండ్లల్ల నాకొచ్చిన మాటలేందో ఎరుకనా? కడుగు. తుడువు. జల్ది రా. నోర్ముయ్యి. గంతే. ఆ భాషల గవే ఉంటయా కొడుకా? వాళ్లు పిల్లలకు కతలు చెప్పరా? పాటలు పాడరా?"

"పాడితే పాడనీ. మనకేంది?"

"తిట్లు నాకిచ్చి, తియ్యటి మాటలన్ని వాళ్లే దాచుకున్నరు. గవి గుంజుకరావాలె. నువ్వు వద్దన్నా సరే, ఊరు నవ్వినా సరే."

రాఘవేందర్ ట్రాలీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. తల్లి అతని వేళ్లను ఒక్కొక్కటిగా ట్రాలీ నుంచి విడిపించింది. చివరి వేలు అతనే తీశాడు.

"నడువుండ్రి. లేటైతది" అన్నాడు, ఎటో చూస్తూ.

అందరూ గేటు దాకా వచ్చారు. గార్డు చెయ్యి అడ్డం పెట్టి, టికెట్ ఉన్న మనిషినే లోపలికి వదులుతానన్నాడు. అరుణ కళ్లు తుడుచుకుంది.

అఖిల గేటు ఇవతలే ఆగి చెయ్యి ఊపుతుంటే, టికెట్ చూపించి లోపలికి నడిచింది భారతమ్మ.