రవి సైకిలంగడి

జమ్మలమడుగులో బస్సెక్కిన దగ్గర్నుంచి ప్రొద్దుటూరులో దిగేదాకా దాసయ్య ఫోను వదల్లేదు. గూగుల్లో అంగడి పేరు కొట్టడం, వచ్చింది చూడటం, పళ్ళు కొరకడం, మళ్ళీ కొట్టడం. పక్క సీటాయన ఓపిక పట్టి పట్టి, “ఏందప్పా, లాటరీ ఏమన్నా తగల్లేదా?” అని అడిగేశాడు. దాసయ్య వినిపించుకోలేదు. తుమ్మలపల్లె గనిలో పనిచేసినన్నాళ్ళూ భూమి అడుగున కూడా నిబ్బరంగా ఉన్న మనిషి, ఇప్పుడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

వెబ్‌సైట్లు చేసే నిఖత్ ఆఫీసు బట్టల అంగళ్ళ పైన మేడ మీద ఉంది. దాసయ్య మెట్లెక్కి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

“ఏంది పాపా ఇది? మావాని అంగడి పేరు కొడితే యాడో అడుగున వస్తాంది. మొదట రావల్ల. అన్నిటికంటే పైన రావల్ల. ఆదివారం లోపల.”

“కూర్చోండి అంకుల్. ఆదివారం ఏముంది?”

“పులివెందులలో ఒకరు చూస్తారు. కావాల్సినోళ్ళు. ఆ ఒక్కరి కంట్లో పడితే సాలు.”

“పెద్ద ఆర్డరా?”

దాసయ్య కుర్చీ అంచున కూర్చుని, తన ఫోనులో సైటు చూపించాడు.

“సైటు ఎవరు చేసినారు?”

“మా కొడుకు రవికుమారే చేసుకున్యాడు.”

“అయితే ఆయన్నే రమ్మనండి. చెప్తే అర్థమైతాది.”

“వాడు రాలేడు. వాని ఫోను నాకాడే ఉంది. ఏం కావల్లో నన్నడుగు.” జేబులోంచి అద్దం చిట్లిన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

నిఖత్ సైటు నొక్కింది. అది తెరుచుకునేలోపు కిందికి పోయి టీ తాగి రావచ్చు. పేజీకి పేరు పెట్టాల్సిన చోట ఉత్త ‘హోం’ అని వదిలేసి ఉంది. పైన మాత్రం ‘ఆర్.కె. సైకిల్ వరల్డ్’ అని ఇంగ్లీషులో మహా దర్జాగా ఉంది.

“ఫోన్ నంబరు లేదు, అడ్రసు లేదు. గిరాకీ ఎట్ల వస్తాది అంకుల్? ముందు ఈ ఫొటో తీసేద్దాం. ఇంత బరువైతే సైటు కదలదు. దీని బదులు సైకిళ్ళవి పెడదాం.”

ఫొటోలో రవికుమార్ కొత్త సైకిలు హాండిల్ పట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

“ఫొటో ముట్టుకోవాకు!” తన గొంతు అంత పైకి లేచిందని దాసయ్యకే తెలియలేదు. “ఇంకేమన్నా తీసెయ్యి. అది మాత్రం ఉండల్ల.”

“సరే, చిన్నది చేస్తా. ఇంతకీ మీరేమని కొడతాన్నారు?”

“రవి సైకిలంగడి అని.”

నిఖత్ నుదురు కొట్టుకుంది. “సైట్లో అంగడి అనే మాట ఒక్కచోటన్నా లేదు అంకుల్! ఆ పులివెందులోళ్ళు కూడా అంగడి అనే కొడతారా?”

“కొట్టరు. మైకు నొక్కి నోటితో చెప్తారు. అంగడి అనే అంటారు. నాకు తెలుసు.”

నిఖత్ తన కంప్యూటర్లో ఆ రెండు మాటలూ కొట్టి చూసింది. “ఇదో చూడండి, మీ ఊరి వార్తల ఛానలోళ్ళు తెలివైనోళ్ళు. వీడియోకు మన మాటే పెట్టినారు, సైకిలంగడి అని. అందుకే అది పైన…” పేరు మొత్తం చదివి ఆగిపోయింది.

“దాన్ని తెరవాకమ్మా,” అన్నాడు దాసయ్య. “తెరిసేకొద్దీ ఇంకా పైకి పోతాదంట గదా.”

“తెరవను,” అంది నిఖత్. ఆ తర్వాత ఆర్డరు సంగతి ఎత్తలేదు. చేస్తున్న పనులన్నీ పక్కన పెట్టి, ‘హోం’ తీసేసి ‘మా రవి సైకిలంగడి, జమ్మలమడుగు’ అని రాసింది. “ఊర్లో నలుగురూ సైటు తెరిస్తే మంచిది అంకుల్,” అని మెట్ల దాకా వచ్చి సాగనంపింది.

దాసయ్య నలుగురితో ఆగలేదు. కనబడినవాళ్ళనల్లా బతిమాలాడు. ఎవరూ కాదనలేదు. టీ అంగడి కమాల్ బాషా అయితే తన ఫోనుతో పాటు పెళ్ళాం ఫోను కూడా తెచ్చి తెరిచాడు. అయినా శనివారం దాకా సైటు రెండో చోటనే మొండికేసి కూర్చుంది. ఆదివారం పొద్దున చర్చిలో అందరూ పాట పాడుతుంటే దాసయ్య బైబిలు చాటున ఫోను చూసుకున్నాడు. అప్పుడూ రెండోదే. పులివెందుల బస్సు ముద్దనూరు దాటాక సిగ్నల్ కూడా పోయింది.

పులివెందులలో కూతురు లిడియా ఇంటి వరండాలో భార్య సుశీలమ్మ కాచుకుని ఉంది. ఏళ్ళ తరబడి మసకబారిన కళ్ళకు ఆపరేషనైంది. ఫోను ముట్టుకోవద్దని డాక్టరు పెట్టిన గడువు ఆ రోజుతో తీరింది.

“వచ్చినావా? నువ్వొచ్చినాకే వాని ఫొటో చూద్దామని పెట్టుకున్యా.”

“రేపు చూద్దువులేమే. కండ్లు అలుస్తాయి.”

“ఊరుకో. ఇన్నేండ్లు వాని మొగం మసగ్గానే సూస్తి, ఇంకెంతకాలం?”

లిడియా నేర్పినట్టే మైకు నొక్కి, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. “మా రవి సైకిలంగడి, జమ్మలమడుగు.”

తెర మీద గుండ్రం తిరుగుతోంది. దాసయ్య ఫోను లాక్కుందామని చెయ్యి చాపాడు.

“అబ్బా!” అంది సుశీలమ్మ. పైట కొంగుతో తెర తుడిచి, మొదట వచ్చిన కొడుకు ఫొటోను మళ్ళీ చూసింది. “ఎంత బాగా నవ్వుతాన్నాడు సూడు!”

దాసయ్య అరచెయ్యి అడ్డం పెట్టి తెర కింది సగం మూసేశాడు. ఆ చేతి కింద రెండోదిగా ఉంది, ఎర్రగుంట్ల రోడ్డులో లారీ చక్రాల కింద రవికుమార్ ప్రాణం పోతుండగా ఎవరో తీసిన వీడియో.